మేకల్ని అవతలికి తోలేంత కష్టం

చిత్తూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్న పాపానికి, చుట్టుపక్కల ఆర్‌సీ విమానాల (రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల) పిచ్చి పట్టినవాళ్ళంతా నా దగ్గరికే వస్తారు. కాలిపోయిన ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డు), పళ్ళు రాలిన సర్వో (రెక్కా తోకల పలకలను కదిలించే బుల్లి యంత్రం), వైరు తెగిన మోటారు. ఉబ్బిన లిపో బ్యాటరీని మాత్రం గడప దాటనివ్వను.

పోయినేడు ఏప్రిల్‌లో, తిరుపతిలో ఇంజనీరింగ్ చదివే పిల్లోడొకడు వచ్చి ఫోన్లో బొమ్మ చూపించాడు. వెండి రంగు పి-51 మస్టాంగ్. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫైటర్‌కి చిన్న నకలు. చూస్తే ఎవరికైనా నోరూరుతుంది.

"అనా, ఇది కొంటాండా. ఎగరేసేది కష్టమా?"

"కష్టమే."

"ఎంత కష్టం?"

ఆ 'ఎంత' దగ్గర నా నోరు మూతపడింది. ఎనిమిదేళ్ళుగా ఎగరేస్తున్నాను, అడిగినవాళ్ళకల్లా 'సులభం', 'కష్టం' అని రెండు ముక్కల్లో చెప్పి పంపించేస్తున్నాను. డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందని అడిగితే ఠక్కున చెప్పేవాణ్ణి దీనికి చెప్పలేకపోయాను. నెల ఆగు, మార్కులేసి చెప్తానన్నాను. నెల కాస్తా పది నెలలైంది.

మేం ఎగరేసేది చిత్తూరు నుంచి పెనుమూరు పోయే దారికి కాస్త లోపలున్న ఎండు చెరువులో. ఊరి పేరు చెప్పను, జనం ఎక్కువైతే ఊళ్ళోవాళ్ళు తరుముతారు. తిరుపతి వాళ్ళు కూడా 70 కిలోమీటర్లు బండి మీద ఇక్కడికే వస్తారు. వాళ్ళకు ఒక పక్క రేణిగుంట ఎయిర్‌పోర్టు, ఇంకో పక్క తిరుమల కొండ. కొండ మీద డ్రోన్లు నిషేధం, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల అనుమతి లేనిదే ఏదీ లేపకూడదు. 2021 డ్రోన్ నిబంధనలొచ్చాక సర్కారువారి డిజిటల్ స్కై మ్యాపు చూసుకుంటే, మా చెరువు ఆకుపచ్చ రంగులో ఉంది. అంటే 400 అడుగుల లోపు ఎగరేయడానికి అనుమతి అడగక్కర్లేదు. అంత ఎత్తుకు పోతే మన విమానం కంటికి సరిగా ఆనదు, అది వేరే సంగతి.

చెరువులో సర్కారు తుమ్మ, నడుమ ఒక చింతచెట్టు, కట్ట కింద కానగ చెట్టు. ఆ కానగ నీడలో మేకలు మేపే ఒక పెద్దాయన. మాకంటే ముందే వస్తాడు, మేం పోయిన తర్వాత పోతాడు.

మొదట లెక్కలతో మొదలుపెట్టాను. మాతోపాటు రిటైరైన లెక్కల సారొకాయన వస్తారు. విమానం ఎగరేయడం కంటే దాని గురించి లెక్కలు వెయ్యడమే ఆయనకిష్టం. "రెక్క మీద ఎంత బరువు పడతా ఉందో చూడప్పా, మిగతాదంతా తర్వాత," అన్నారు. కూరగాయలంగడి నుంచి ఎలక్ట్రానిక్ కాటా అడుక్కొచ్చి, అందరి విమానాలనూ బ్యాటరీతో సహా తూచాం. టేపుతో రెక్కలు కొలిచాం.

నా ట్రైనర్ (కొత్తవాళ్ళు నేర్చుకునే రకం విమానం) రెక్క పొడవు 140 సెంటీమీటర్లు, వెడల్పు 20. అంటే 28 చదరపు డెసిమీటర్లు. బరువు 950 గ్రాములు. భాగిస్తే చదరపు డెసిమీటరుకు 34 గ్రాములు. పిల్లోడు చూపించిన మస్టాంగ్‌కు 110 సెంటీమీటర్ల రెక్క, సగటు వెడల్పు 17, బరువు 1,150 గ్రాములు. అది 61 దాటింది. బరువు పెరిగితే విమానం గాల్లో నిలబడటానికి కావలసిన కనీస వేగం కూడా పెరుగుతుంది. అయితే ఆ పెరుగుదల వర్గమూలం లెక్కన ఉంటుంది కాబట్టి రెట్టింపు కాదు. సారు లెక్క ప్రకారం ట్రైనర్‌కు గంటకు 26 కిలోమీటర్ల చిల్లర చాలు, మస్టాంగ్‌కు 35 కావాలి. వినడానికి చిన్న తేడాగానే ఉంటుంది. దిగేటప్పుడు చెరువు చివరున్న తుమ్మచెట్లు ఎదురొస్తుంటే తెలుస్తుంది ఆ తొమ్మిది కిలోమీటర్లంటే ఏంటో.

ఇక మార్కులేసేయొచ్చు అనుకుంటుండగా మా మేనల్లుడి చిట్టి విమానం లెక్క మొత్తం పాడు చేసింది. 60 సెంటీమీటర్ల రెక్క, 150 గ్రాముల బరువు. భాగిస్తే 25. అంటే ట్రైనర్ కంటే సులభంగా ఎగరాలి. కానీ అది గాల్లో తూనీగలాగా గింజుకుంటుంది, కాస్త గాలి వీస్తే పల్టీ కొడుతుంది. సారు ఒక రాత్రి కూచుని దారి కనిపెట్టారు. పెద్ద విమానానికీ చిన్న విమానానికీ ఒకే కొలబద్ద పనికిరాదు, బరువును విస్తీర్ణంతో కాకుండా విస్తీర్ణం ఒకటిన్నర ఘాతంతో భాగించాలి. ఇది మా సారు కొత్తగా కనిపెట్టిందేం కాదు, మోడల్ విమానాల వాళ్ళు ఎప్పటినుంచో క్యూబ్ లోడింగ్ అని వాడుతున్నదే. అలా చేస్తే, కిలోలు, మీటర్లలో ట్రైనర్‌కు 6.4, మేనల్లుడి చిట్టిదానికి 10.2, మస్టాంగ్‌కు 14.2, సారు రెండు మీటర్ల గ్లైడర్‌కు 4.3 వచ్చాయి. ఈసారి అంకెలు మా చేతులకు తెలిసిన దాంతో కలిశాయి. సారు ఆ వారమంతా కాలరెగరేసుకుని తిరిగారు.

తర్వాత ఆకారం చూశాను. రెక్క ఒంటి పైన ఉందా, కింద ఉందా? పైనుంటే, పక్కకు వాలి జారినా విమానం తనంతట తాను సర్దుకుంటుంది. రెండు రెక్కలూ 'వి' అక్షరంలా కొంచెం పైకి లేచి ఉంటే ఇంకా మేలు, పక్కకు వాలినా మళ్ళీ నిలబడుతుంది. రెక్క అడుగు చదునుగా, క్లార్క్ వై తరహాలో ఉందా? 1922లో వర్జీనియస్ క్లార్క్ గీసిన ఆ రూపం వందేళ్ళ తర్వాత కూడా మా ఫోమ్ ట్రైనర్ల రెక్కల్లో బతికే ఉంది. నిదానంగా పోతున్నా మోస్తుంది. పైనా కిందా ఒకేలా ఉబ్బి ఉంటే అది సర్కస్ విమానం, తలకిందులుగా కూడా అంతే చక్కగా ఎగురుతుంది. నేర్చుకునేవాడికి తలకిందులుగా ఎగిరే సౌకర్యం ఎందుకు?

ఇంక గాల్లో పరీక్షలు. పొద్దున ఆరుకు, గాలి లేవకముందే. దాదాపు 60 మీటర్ల ఎత్తుకు తీసుకుపోయి, రెండు బొటనవేళ్ళూ రిమోట్ స్టిక్కుల మీంచి తీసేసి, మనసులో అంకెలు లెక్కపెట్టడం. ట్రైనర్ పది దాటినా దారి తప్పలేదు. సర్కస్ విమానం మూడుకే పక్కకు తిరిగి, తిరిగిన పక్కకే ఉండిపోయింది. దాని తప్పేం లేదు, ఎటు పెడితే అటే ఉండాలని తయారు చేసింది అది. రెండో పరీక్ష స్టాల్. మోటారు తగ్గించి, ముక్కును పైకెత్తే ఎలివేటర్ మెల్లగా లాగుతూ పోతే ఒకచోట రెక్క మోయడం మానేస్తుంది. ట్రైనర్ గంగిరెద్దులా తలూపి, కాస్త కిందికి జారి మళ్ళీ ఎగిరింది. కింద రెక్కున్న స్పోర్ట్ విమానం మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఎడమ రెక్క పడేసింది. 15 మీటర్లు దిగాక గానీ చేతికి రాలేదు. అది దిగేటప్పుడు చివరి మలుపులో, పది మీటర్ల ఎత్తులో జరిగి ఉంటే? నోటుబుక్కులో దాని పక్కన 7 వేశాను. ఒకటి అంటే అతి సులభం, పది అంటే నా వల్ల కాదు.

ఇట్లా ఎనిమిది విమానాలకు మార్కులేశాను. పైపర్ కబ్‌కు 3. పసుప్పచ్చది, రెక్క పైన, లెక్కలన్నీ అచ్చం ట్రైనర్‌వే. సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటుతో చేసిన డెల్టాకు (ముక్కోణపు రెక్కది) 4. గ్లైడర్‌కు 1. నోటుబుక్కు అందరికీ చూపించి మురిసిపోయాను కూడా.

మూడు వారాల్లో ఆ మూడూ తప్పని తేలింది.

కబ్ గాల్లో బంగారమే. నేల మీదే దయ్యం. దానికి ముందు రెండు చక్రాలు, తోక కింద చిన్నది ఒకటి. బరువు ముందు చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి, పరుగులో ఏ కొంచెం పక్కకు తిరిగినా తోక ముందుకు రావాలని చూస్తుంది. రడ్డర్‌తో (తోక మీది నిలువు పలకతో) ప్రతిక్షణం సర్దుతూ ఉండాలి. మా మేనల్లుడు మూడు సార్లు లేపబోయాడు. మూడు సార్లూ అది గుండ్రంగా తిరిగి, రెక్క నేలకు రాసుకుని ఆగింది. "మామా, నువ్వు 3 అన్నావే," అన్నాడు మట్టి దులుపుకుంటూ. గాల్లోకి లేచాక ఇంకో తమాషా. ఎయిలరాన్ (రెక్కల వెనకంచు పలకలు) ఒక్కటే కొట్టి తిప్పితే ముక్కు అవతలి పక్కకు పోతుంది. రడ్డర్ కూడా కలిపి ఇవ్వాలి. ఎనిమిదేళ్ళుగా నా ఎడమ బొటనవేలు ఈ పని నాకు తెలియకుండానే చేస్తోంది. అందుకే నాకది 3గా కనిపించింది.

డెల్టాది వేరే కథ. ఎగరడంలో దానికి ఏ లోపమూ లేదు. కానీ ఎర్ర డెల్టా, కింద కూడా ఎరుపే. వంద మీటర్ల దూరం పోతే వస్తోందో పోతోందో తెలియదు. మన వైపు వచ్చేటప్పుడు కుడీ ఎడమా తారుమారవుతాయి కదా, అది ఎటు తిరిగి ఉందో తెలియకపోతే ఏ స్టిక్కు కొట్టినా లాటరీయే. సారు దాన్ని నేరుగా చింతచెట్టులోకి పంపారు. మేకల పెద్దాయన దోటితో దించి ఇచ్చాడు. ఆ రోజే అడుగు సగానికి నల్ల ప్యాకింగ్ టేపు పట్టీలు వేశాను. మర్నాడు అదే విమానం, అదే సారు, చెట్టు జోలికి పోలేదు. రంగు కూడా కష్టంలో భాగమేనని నా లెక్కలో ఎక్కడా లేదు.

గ్లైడర్ ఆషాఢంలో దొరికిపోయింది. గాలి లేనప్పుడు దానంత సాధువు ఉండదు. ఆషాఢం గాలికి ఎదురు తిప్పితే ఉన్నచోటే నిలబడింది, తర్వాత ముక్కు మా వైపే ఉండి వెనక్కి పోవడం మొదలుపెట్టింది. తేలికదనం ఎంత వరమో అంత శాపం. సారు చెనక్కాయ చేలల్లో కిలోమీటరున్నర నడిచి తెచ్చుకున్నారు.

అప్పుడు నాకర్థమైంది, అసలు తిరకాసు నా దగ్గరే ఉందని. ఈత వచ్చినవాడు బావి లోతు చెప్పినట్టుంది నా పని. నాకు మళ్ళీ ఏమీ రాకుండా పోతే తప్ప సరైన మార్కు పడదు.

దానికొక ఉపాయం తట్టింది. మన దేశంలో ఎక్కువమంది లాగే నాది మోడ్ 2. ఎడమ స్టిక్కులో థ్రాటిల్ (మోటారు వేగం), రడ్డర్. కుడి స్టిక్కులో ఎలివేటర్, ఎయిలరాన్. మోడ్ 1లో ఎలివేటర్ ఎడమకు పోతుంది, థ్రాటిల్ కుడికొస్తుంది. నా పాత ట్రాన్స్‌మిటర్ విప్పి, ఎలివేటర్ స్టిక్కును నడుమకు లాగే స్ప్రింగును ఇవతలికి, థ్రాటిల్‌ను పెట్టిన చోటే ఆపే రేకును అవతలికి మార్చాను. మెనూలో మోడ్ మార్చాను. ఫోన్లు విప్పేవాడికి ఇది అరగంట పని. కంప్యూటర్ సిమ్యులేటర్‌లో రెండు వారాలు తంటాలు పడ్డాను. ఇంట్లో మా ఆవిడ, "నలభై ఆరేళ్ళకు మళ్ళీ బొమ్మలాట మొదటినుంచా?" అంది.

తర్వాత చెరువులోకి పోయాను. పక్కన మేనల్లుడు మామూలు ట్రాన్స్‌మిటర్ పట్టుకుని కూచున్నాడు నవ్వడానికి. సన్‌ప్యాక్‌తో చేసిన ముసలి ట్రైనర్‌ను మోడ్ 1లో వదిలాను. మొదటి మలుపులో ముక్కు వాలింది. ఎనిమిదేళ్ళ అలవాటు, కుడి బొటనవేలు వెనక్కి లాగింది. అక్కడిప్పుడు ఎలివేటర్ లేదు, థ్రాటిల్ ఉంది. మోటారు ఆగిపోయింది! ఒళ్ళంతా చెమట. 'ఎడమ చెయ్యి, ఎడమ చెయ్యి' అనుకునేసరికి ఒకటి, రెండు, మూడు అయింది. మూడు లెక్కపెట్టే లోపు ఆ ముసలిది ఏం చేసిందంటే, జారుకుంటూ, తనంతట తాను రెక్కలు సమంగా పెట్టుకుని, నాకోసం కనిపెట్టుకుని ఉంది. ఎడమ చెయ్యి లాగింది, లేచింది.

వారం ఆగి, కింద రెక్కున్న స్పోర్ట్ విమానంతో అదే చేశాను. అదే మలుపు, అదే తప్పు. 'ఎడమ' అనుకున్నాను, 'చెయ్యి' అనేలోపు నేలలో ఉంది. మోటారు మౌంటు విరిగింది, రెక్క రెండు ముక్కలు. మేనల్లుడు నవ్వలేదు.

ఆ సాయంత్రం పాత మార్కులన్నీ కొట్టేసి, కొత్త వరుస ఒకటి గీశాను: తప్పు చేశాక నాకెన్ని అంకెలు లెక్కపెట్టే టైమిస్తుంది? ట్రైనర్ మూడు, నాలుగు. గ్లైడర్ ఐదు, గాలి లేకపోతే. కబ్ గాల్లో మూడు, నేల మీద అర. స్పోర్ట్ ఒకటి. మేనల్లుడి చిట్టిది ఒకటి కూడా కాదు, కానీ అది పడితే ఏమీ కాదు, గడ్డిలో ఏరుకుని మళ్ళీ విసరడమే.

ఈ చివరిమాట వల్ల ఇంకో వరుస కూడా పుట్టింది: పడితే లేవడానికి ఎంతసేపు? సన్‌ప్యాక్‌దైతే పది నిమిషాలు, హాట్ గ్లూ, ప్యాకింగ్ టేపు. ఫోమ్‌ది ఒక సాయంత్రం. బాల్సా కట్టెతో చేసింది ఒకటుంది మా సారు దగ్గర, దాని రెక్క బాగు చెయ్యడానికి రెండు నెలలు పట్టింది. పగిలితే అంత నొప్పి అని తెలిసినప్పుడు చెయ్యి వణుకుతుంది. వణికే చేతికి ట్రైనర్ కూడా 7 అవుతుంది. జైరో ఉన్న రిసీవర్ పెడితే మార్కులు మళ్ళీ మారతాయి, గాలి కుదుపులను అదే సర్దేస్తుంది. అవి కలపదలుచుకోలేదు. ఒక ఫ్యాన్ జెట్ కూడా పరీక్షకొచ్చింది గానీ దాని గురించి రెండు మాటలే. థ్రాటిల్ ఇచ్చాక ఫ్యాన్ వేగం అందుకోవడానికి టైము పడుతుంది, ముందు ప్రొపెల్లర్ లేదు కాబట్టి నిదానంగా ఉన్నప్పుడు తోక మీద చాలినంత గాలి పారదు. ఈ కొత్త వరుసలు చూసుకుని మళ్ళీ మార్కులేస్తే దానికి 9, మస్టాంగ్‌కూ 9.

ఇన్ని వరుసలు గీసిన తర్వాత ఒక రోజు మేకల పెద్దాయనకు నోటుబుక్కు చూపించి వివరించాను. ఆయన నవ్వి, "యాల నైనా ఇంత రాసుకొనేది? ఆ తెల్లది లేపితే నేను కానగ చెట్టు కిందే కూచుంటా. పచ్చది లేపేటప్పుడు లేసి నిలబడతా. ఆ గుయ్యిమనేది తెస్తే మేకల్ని కట్ట అవతలికి తోలుకుంటా," అన్నాడు. తెల్లది ట్రైనర్, పచ్చది కబ్, గుయ్యిమనేది జెట్. ఇంటికొచ్చి సరిపోల్చుకున్నాను. ఒక్క గ్లైడర్ దగ్గర తప్ప మా ఇద్దరి వరుసా ఒకటే. గ్లైడర్‌కు కూడా ఆయన లేచి నిలబడతాడు. ఎందుకంటే అది చప్పుడు చెయ్యదు, ఎప్పుడు నెత్తి మీదికొస్తుందో తెలియదు.

పిల్లోడి సంగతికొస్తాను. ట్రైనర్‌తో మొదలుపెట్టమంటే మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాడు. రెండో వారం "అనా, నువ్వు సులభం అన్న విమానం నన్ను చంపతాంది," అని ఫోన్. పోయి చూస్తే, ఎక్కువసేపు ఎగరాలని పెద్ద బ్యాటరీ కొని, ముందు పట్టక వెనక్కి జరిపి కట్టాడు. రెక్క కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తాను. ముందంచు నుంచి ఐదు, ఆరు సెంటీమీటర్ల దగ్గర నిలవాల్సింది ఎనిమిది దగ్గర నిలిచింది. తోక బరువైన విమానానికి మార్కులుండవు, ఎగరడం, పడడమే. అదే ట్రైనర్‌కు పాత బ్యాటరీ పెట్టి ఇస్తే, ఆ పూటే ఒంటరిగా దించాడు.

నలభై సార్లు దించాక మస్టాంగ్ కొన్నాడు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున, పొగమంచు విడిచిన వెంటనే తెచ్చాడు. పెద్దాయన పెట్టె చూడగానే లేచి, మేకల్ని కట్ట అవతలికి తోలాడు. పరుగులో ముక్కు ఎడమకు లాగుతుందని, కుడి రడ్డర్ సిద్ధంగా పెట్టుకోమని ముందే చెప్పాను. లాగింది, ఇచ్చాడు, లేచింది. నాలుగు రౌండ్లు. చివరి మలుపు వెడల్పుగా, వేగం చంపకుండా తిప్పమన్నాను. నేను ఊపిరి పీల్చింది అది నేలను తాకినప్పుడే. తాకి, ముక్కు మీదికి వాలి, ప్రొపెల్లర్ ఒక రెక్క విరిగింది. అంతే నష్టం.

"అనా, దీనికి 9 వేశావే. 7 చాలదా?"

నోటుబుక్కు తీసి 9 కొట్టేశాను. పక్కన పెన్సిల్‌తో 8 రాశాను. ఆ పొద్దు గాలి లేదు కదా.